స్పీడ్ ఉంది, మాట మాత్రం తెగుతోంది: ఇంటి ఇంటర్నెట్‌లో బఫర్‌బ్లోట్ అంటే ఏంటి, ఎలా తగ్గించుకోవాలి?

ఇషా నమాజు అయ్యాక దమ్మామ్ నుంచో రియాద్ నుంచో వీడియో కాల్ వస్తుంది. అబ్బా ముఖం ఒక క్షణం కనిపించి బిగుసుకుపోతుంది. "వినపడుతోందా?" అని ఇటువాళ్లు అడిగితే జవాబు రెండు సెకన్ల తర్వాత వస్తుంది. ఈలోగా ఇటువాళ్లు మళ్లీ మాట్లాడతారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. పది నిమిషాల కాల్‌లో నాలుగు నిమిషాలు "హలో హలో"కే సరిపోతుంది.

అప్పుడే ఎవరో స్పీడ్ టెస్ట్ పెట్టి చూస్తారు. 40, 50 ఎంబీపీఎస్ చూపిస్తుంది. "స్పీడ్ బాగానే ఉంది కదా, అవతలివాళ్ల నెట్ బాలేదేమో" అనుకుని వదిలేస్తారు. కానీ పక్క గదిలో చార్జింగ్‌కి పెట్టిన ఒక ఫోన్ మొన్నటి పెళ్లి వీడియోలన్నిటినీ గూగుల్ ఫోటోస్‌కి ఎక్కిస్తూ ఉంటుంది. చాలాసార్లు అసలు కారణం అదే.

ఈ జబ్బుకి ఒక పేరుంది: బఫర్‌బ్లోట్. అంటే డేటాను కాసేపు నిలవ ఉంచే చోటు అవసరానికి మించి ఉబ్బిపోవడం. కుసుమంచి లాంటి మండల కేంద్రంలో ఫైబర్ ఉన్న ఇంటికైనా, భద్రాచలం అవతల దుమ్ముగూడెం, చర్ల వైపు ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చే ఇంటికైనా ఇది రావచ్చు. చాలావరకు ఇంట్లోనే, డబ్బు ఖర్చు లేకుండా తగ్గించుకోవచ్చు.

స్పీడ్ వేరు, ఆలస్యం వేరు

మనం ప్లాన్ కొనేటప్పుడు చూసేది ఎంబీపీఎస్. ఒక సెకనులో ఎంత డేటా పోగలదు అన్నది ఆ లెక్క. రోడ్డు ఎంత వెడల్పు అన్నట్టు. కానీ మాట్లాడటానికి, ఆన్‌లైన్ క్లాసుకి, గేమ్‌కి కావలసింది ఇంకొకటి: ఒక చిన్న డేటా ముక్క ఇక్కడి నుంచి వెళ్లి జవాబు తీసుకుని రావడానికి ఎంత సేపు పడుతుంది? దీన్ని పింగ్ లేదా లేటెన్సీ అంటారు. మిల్లీసెకన్లలో కొలుస్తారు. 1000 మిల్లీసెకన్లు ఒక సెకను.

గాజు తీగలో వెలుతురు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఖమ్మం జిల్లా నుంచి హైదరాబాద్‌కి డేటా పోవడానికి దూరం వల్ల పట్టే సమయం ఒకటి రెండు మిల్లీసెకన్లే. హైదరాబాద్ నుంచి రియాద్ సరళరేఖలో 3,000 కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరానికి కూడా పోయిరావడానికి వెలుతురుకి 35 మిల్లీసెకన్లు చాలు. కేబుళ్లు చుట్టు తిరిగి పోతాయి, మధ్యలో ఎన్నో రూటర్లు దాటాలి కాబట్టి నిజంగా ఇంతకంటే ఎక్కువే పడుతుంది. అయినా రెండు సెకన్లు పట్టే దూరం భూమ్మీద ఎక్కడా లేదు. ఆ రెండు సెకన్లు దూరం వల్ల వచ్చినవి కావు, ఎక్కడో క్యూలో నిలబడటం వల్ల వచ్చినవి.

ఫోన్ సంభాషణకి ఎంత ఆలస్యం పరవాలేదన్న దానికి అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు ఒకటుంది. ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి మాట 150 మిల్లీసెకన్లలోపు చేరితే మాటలు సహజంగా సాగుతాయి. 400 దాటితే ఒకరి మాట మీద ఒకరు పడటం ఖాయం.

మన దేశంలో "బ్రాడ్‌బ్యాండ్" అనిపించుకోవాలంటే ఉండాల్సిన కనీస డౌన్‌లోడ్ వేగాన్ని 2023 జనవరిలో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. ఆ నిర్వచనంలో ఉన్నది కూడా వేగమే. ప్రకటనల్లో కనిపించేదీ వేగమే. లైన్ బిజీగా ఉన్నప్పుడు ఆలస్యం ఎంత అన్నది ఏ పోస్టర్ మీదా రాయరు. అందుకే దాన్ని మనమే కొలుచుకోవాలి.

జుమ్మా రోజు వుజూ కుళాయిలు

మసీదులో వుజూకి నాలుగు కుళాయిలు ఉన్నాయనుకోండి. మామూలు రోజుల్లో ఎవరు వచ్చినా వెంటనే చోటు దొరుకుతుంది. జుమ్మా రోజు ఒకాయన పెద్ద పెద్ద డ్రమ్ములు తెచ్చి అన్ని కుళాయిల కింద పెట్టాడు, వెనక ఇంకో యాభై డ్రమ్ములు వరసగా పేర్చాడు. మీకు కావలసింది రెండు చెంబుల నీళ్లే. కానీ మీరు ఆ యాభై డ్రమ్ముల వెనకే నిలబడాలి. కుళాయిలో నీళ్లు మాత్రం ధారాళంగానే వస్తున్నాయి. "నీళ్లు బాగానే వస్తున్నాయి కదా" అని చూసినవాళ్లు అంటారు. మీ జమాఅత్ మాత్రం తప్పిపోతుంది.

ఇంటి నెట్‌లో డ్రమ్ములు అంటే పెద్ద అప్‌లోడ్‌లు, డౌన్‌లోడ్‌లు. రెండు చెంబులు అంటే మీ వీడియో కాల్ పంపే చిన్న చిన్న ముక్కలు. డ్రమ్ములు వరసగా నిలబడే ఆవరణే బఫర్. ఆవరణ చిన్నదైతే ఐదు డ్రమ్ములకే నిండిపోతుంది, మిగతావి గేటు దగ్గరే ఆగిపోతాయి. ఆవరణ పెద్దదైతే యాభై నిలబడతాయి. ఆవరణ పెంచినంత మాత్రాన కుళాయి ధార పెరగదు. క్యూ మాత్రమే పెరుగుతుంది.

మన పాలేరు రిజర్వాయర్‌లో నీళ్లు నిలవ ఉంటే మేలే, ఎండాకాలంలో పనికొస్తాయి. మాట అలాంటిది కాదు. రెండు సెకన్లు నిలవ ఉన్న మాట పాచిపోయిన మాట.

ఇంత పెద్ద బఫర్లు ఎందుకు పెట్టారు?

ఇంటర్నెట్‌లో ఫైళ్లు పంపే పద్ధతి పేరు టీసీపీ. దానికి రోడ్డు ఎంత వెడల్పో ముందుగా తెలియదు. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోతుంది. ఎక్కడో ఒక ముక్క పడిపోతే "ఓహో, దారి నిండింది" అని అర్థం చేసుకుని తగ్గుతుంది. మళ్లీ పెంచుతుంది. ముక్క పడిపోవడం ఇక్కడ ప్రమాదం కాదు, హెచ్చరిక.

ఈ పద్ధతి వెనక ఒక చరిత్ర ఉంది. 1986 అక్టోబర్‌లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీకి మధ్య నెట్ దాదాపు కుప్పకూలింది. సెకనుకి 32 వేల బిట్లు పోవలసిన దారిలో 40 బిట్లు మాత్రమే పోయాయి. వ్యాన్ జేకబ్‌సన్ అనే శాస్త్రవేత్త దాన్ని పరిశీలించి 1988లో టీసీపీకి ఈ "తగ్గి పెంచు" పద్ధతిని చెప్పారు. నేటికీ ఇంటర్నెట్ నిలబడి ఉండటానికి అది ఒక ముఖ్య కారణం.

తర్వాత మెమరీ చిప్‌లు చవకయ్యాయి. ఒక్క ముక్క కూడా పోకూడదు అనుకుని మోడెంలు, రూటర్లు, టవర్ పరికరాలు తయారుచేసేవాళ్లు పెద్ద పెద్ద బఫర్లు పెట్టేశారు. దాంతో హెచ్చరిక పోయింది. ముక్క పడిపోదు కాబట్టి టీసీపీ తగ్గదు. ఆ పెద్ద బఫర్ మొత్తం నిండేదాకా డేటా తోస్తూనే ఉంటుంది. నిండిన తర్వాత కూడా అంచుదాకా నింపే ఉంచుతుంది.

2010లో జిమ్ గెటిస్ అనే ఇంజినీర్ ఇంటి నుంచి పెద్ద ఫైళ్లు పంపుతుండగా ఇంట్లో నెట్ మొత్తం స్తంభించిపోవడం గమనించారు. కొలిస్తే పింగ్ సెకను దాటిపోయింది. ఫైల్ పంపడం ఆపగానే మామూలైంది. ఆయన బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవారు, అంతకు ముందు పేద దేశాల పిల్లలకు చవక ల్యాప్‌టాప్‌లు ఇచ్చే కార్యక్రమంలో ఉన్నారు. తన ఇంట్లో కనిపించినదే ప్రపంచమంతటా ఉందని తేలాక దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు.

లెక్క చూడండి

లెక్క సులువే. బఫర్‌లో ఉన్న డేటాను అప్‌లోడ్ వేగంతో భాగిస్తే ఎంత సేపు ఆగాలో తెలుస్తుంది. రూటర్‌లో 1 ఎంబీ బఫర్ నిండి ఉందనుకుందాం. 1 ఎంబీ అంటే సుమారు 80 లక్షల బిట్లు.

- అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ ఉంటే: 80 మిల్లీసెకన్ల ఆలస్యం. కాల్‌లో పెద్దగా తెలియదు.
- అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉంటే: 800 మిల్లీసెకన్లు. మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి.
- అప్‌లోడ్ 4 ఎంబీపీఎస్ ఉంటే: 2 సెకన్లు. కాల్ చేయడం దండగ.
- అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ ఉంటే: 8 సెకన్లు. కాల్ తెగిపోతుంది.

బఫర్ అదే, డబ్బా అదే. లైన్ సన్నబడే కొద్దీ ఆలస్యం పెరుగుతోంది. అందుకే పట్నంలో పెద్ద ప్లాన్ ఉన్నవాళ్ల కంటే చిన్న ప్లాన్, హాట్‌స్పాట్, టవర్ సిగ్నల్ మీద నడిచే ఊరి ఇళ్లకే ఈ బాధ ఎక్కువ. టీ-ఫైబర్ కింద 2024 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా ఇళ్లకు కనెక్షన్లు మొదలయ్యాయి. ఊళ్లకు తీగ రావడం మంచి మాటే. తీగతో పాటు క్యూ సంగతి కూడా చూసుకోకపోతే ఆ తీగ పూర్తి లాభం ఇంటికి అందదు.

మన ఇళ్లలో ఎక్కడ దెబ్బ కొడుతుంది?

*గల్ఫ్ కాల్స్.* అక్కడ ఉన్నవాళ్లకి డ్యూటీ అయ్యాక దొరికే సమయమే తక్కువ. రియాద్ కంటే ఇండియా టైమ్ రెండున్నర గంటలు ముందు కాబట్టి, వాళ్లకి ఖాళీ దొరికేసరికి ఇక్కడ ఇంట్లో అందరూ ఫోన్ల మీద ఉండే వేళ. దుబాయ్ వైపు వాట్సాప్ కాల్ కలవదు, అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వాడతారు. యాప్ ఏదైనా ఇంటి క్యూ ఒకటే.

*పిల్లల ఖురాన్ క్లాసు.* ఆన్‌లైన్‌లో నాజిరా, తజ్వీద్ నేర్చుకునే పిల్లలు ఇప్పుడు చాలామంది. 'ఐన్' సరిగా పలకలేదని ఉస్తాద్ ఆపేసరికి బిడ్డ తర్వాతి ఆయత్‌లోకి వెళ్లిపోతుంది. ఏ అక్షరం దగ్గర ఆపారో బిడ్డకి తెలియదు. తప్పు అలాగే అలవాటైపోతుంది. ఇక్కడ ఒక సెకను ఆలస్యం అంటే చదువే పాడవడం.

*పరీక్షలు, ఇంటర్వ్యూలు.* ఆన్‌లైన్ మాక్ టెస్ట్‌లో జవాబు నొక్కితే గుండ్రం తిరుగుతూ ఉంటుంది. జూమ్ ఇంటర్వ్యూలో అమ్మాయి జవాబు ఆలస్యంగా వినిపిస్తే తడబడుతోందని అవతలివాళ్లు అనుకుంటారు.

యూట్యూబ్ మాత్రం బాగానే నడుస్తుంది. ఎందుకంటే వీడియో ముందుగానే కొంత దించుకుని పెట్టుకుంటుంది, ఆలస్యం దానికి పట్టదు. అందుకే "యూట్యూబ్ వస్తోంది, కాల్ రావట్లేదు" అన్న మాట వినిపిస్తే ముందుగా బఫర్‌బ్లోట్‌ని అనుమానించండి.

ముందు కొలవండి: ఐదు నిమిషాల పని

1. ఇంట్లో అందరి ఫోన్లలో వైఫై కాసేపు ఆపండి. ఒక్క ఫోన్ లేదా ల్యాప్‌టాప్ మాత్రం ఉంచండి. రూటర్ ఉన్న గదిలోనే కూర్చోండి. వీలైతే ల్యాప్‌టాప్‌ని వైరుతో కలపండి.

2. బ్రౌజర్‌లో ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. టెస్ట్ అయ్యాక మరిన్ని వివరాలు చూపే బటన్ నొక్కండి. లేటెన్సీ రెండు అంకెలుగా కనిపిస్తుంది: ఒకటి లైన్ ఖాళీగా ఉన్నప్పుడు, ఇంకొకటి లోడ్ ఉన్నప్పుడు. ఊక్లా స్పీడ్‌టెస్ట్ యాప్ అయితే ఖాళీ లైన్‌కి, డౌన్‌లోడ్‌కి, అప్‌లోడ్‌కి మూడు అంకెలు విడివిడిగా చూపిస్తుంది. వేవ్‌ఫామ్ వాళ్ల బఫర్‌బ్లోట్ టెస్ట్ స్కూలు మార్కుల్లా గ్రేడ్ ఇస్తుంది.

3. కంప్యూటర్ ఉన్నవాళ్లు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి 8.8.8.8 కొట్టి చూడవచ్చు. అది గూగుల్ సర్వర్ చిరునామా. విండోస్‌లో చివర ఖాళీ వదిలి మైనస్ గుర్తు, టి అక్షరం కలిపితే ఆపేదాకా నడుస్తుంది. అది నడుస్తుండగా ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియోను డ్రైవ్‌లోకి ఎక్కించండి. అంకెలు ఎలా ఎగబాకుతాయో మీ కళ్లతో మీరే చూస్తారు.

4. ఖాళీగా ఉన్నప్పటి అంకెని, లోడ్‌లో ఉన్న అంకె నుంచి తీసేయండి. పెరిగింది 30 లోపు అయితే మీ లైన్ ఆరోగ్యంగా ఉంది. 30 నుంచి 100 మధ్య అయితే కాల్స్ నడుస్తాయి. 100 నుంచి 200 అయితే ఇబ్బంది మొదలైనట్టు. 200 దాటితే ఈ వ్యాసం మీ ఇంటి కోసమే.

ఖాళీ లైన్ మీదే పింగ్ 200, 300 చూపిస్తే జబ్బు వేరే. వైఫై సిగ్నల్, టవర్, ఆపరేటర్ లైన్, ఇలా ఇంకెక్కడో ఉంది. 2025 సెప్టెంబర్‌లో జెడ్డా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు ఇటు ఇండియా నుంచి అటు గల్ఫ్ దాకా నెట్ నెమ్మదించింది. అలాంటప్పుడు ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు.

పైసా ఖర్చు లేకుండా చేసుకోగలిగినవి

*ఫోటో బ్యాకప్.* గూగుల్ ఫోటోస్‌లో మీ బొమ్మ మీద నొక్కి బ్యాకప్ సెట్టింగ్‌లోకి వెళ్లండి. కాల్ వేళకి ఆపేసి, పడుకునే ముందు ఆన్ చేయండి. పెళ్లిళ్లు, అఖీఖాలు అయిన వారం ఇది మరీ ముఖ్యం.

*వాట్సాప్ బ్యాకప్.* ఇది మామూలుగా రాత్రి 2 గంటల ప్రాంతంలో తనంతట తాను నడుస్తుంది, ఆ వేళ ఇబ్బంది లేదు. వీడియోలు కూడా కలపమని పెట్టి ఉంటే బరువు బాగా పెరుగుతుంది, ఆ టిక్ తీసేయండి. రంజాన్ రాత్రుల్లో చాలా ఇళ్లు మేల్కొనే ఉంటాయి కాబట్టి ఆ నెల రోజూ బదులు వారానికోసారి అని మార్చుకోండి.

*వాట్సాప్ కాల్.* సెట్టింగ్స్‌లో స్టోరేజ్, డేటా విభాగంలో కాల్స్‌కి తక్కువ డేటా వాడే ఎంపిక ఉంది. సన్నటి లైన్ ఉన్నవాళ్లు ఆన్ చేసుకోండి.

*సీసీ కెమెరాలు.* దుకాణానికో ఇంటికో పెట్టిన వైఫై కెమెరా రోజంతా వీడియోను క్లౌడ్‌కి పంపుతుంటే అప్‌లోడ్‌ని అదే తినేస్తుంది. మెమరీ కార్డులో రికార్డ్ అయ్యేలా పెట్టండి, లేదా కదలిక ఉన్నప్పుడే పంపేలా మార్చండి.

*కంప్యూటర్.* విండోస్ అప్‌డేట్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటుంది. మీ కంప్యూటర్ నుంచి వేరేవాళ్లకి అప్‌డేట్లు పంచే ఎంపిక అందులో ఆఫ్ చేయండి. వన్‌డ్రైవ్‌లో అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టుకోవచ్చు.

*వైఫై.* రూటర్‌ని బీరువా వెనక, టీవీ వెనక దాచకండి. రూటర్ దగ్గర వాడే ఫోన్లకి 5 గిగాహెర్ట్జ్ పేరున్న వైఫై కలపండి. సిగ్నల్ బలహీనంగా ఉన్న ఒక్క ఫోన్ కూడా వైఫై గాలిలో ఎక్కువ సమయం తినేసి మిగతావాళ్లని ఆపుతుంది.

ఇవన్నీ డ్రమ్ములు తెచ్చినాయన్ని బతిమాలి పక్కకి జరపడం లాంటివి. పనిచేస్తాయి, కానీ రోజూ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. శాశ్వత మందు క్యూ నడిపే పద్ధతినే మార్చడం.

రూటర్‌లో పెట్టుకోగలిగిన హద్దు

చాలా రూటర్లలో బ్రౌజర్ నుంచి 192.168.1.1 లేదా 192.168.0.1 కొడితే సెట్టింగ్స్ పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ డబ్బా అడుగున రాసి ఉంటుంది. అందులో క్యూఓఎస్ లేదా బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అన్న పేజీ ఉందేమో వెతకండి.

ఉంటే, టెస్ట్‌లో వచ్చిన అసలు అప్‌లోడ్ వేగంలో 85 నుంచి 90 శాతం అంకె పెట్టండి. ప్లాన్ కాగితం మీద ఉన్న అంకె వద్దు, సాయంత్రం రద్దీ వేళ మీరు కొలిచిన అంకె కావాలి. డౌన్‌లోడ్‌కి కూడా అలాగే పెట్టి మళ్లీ టెస్ట్ చేయండి. ఆలస్యం తగ్గిందా, అక్కడే ఆపండి. తగ్గలేదా, ఇంకో 5 శాతం దించి చూడండి.

పది శాతం ఎందుకు వదులుకోవాలి అని అడగవచ్చు. లైన్‌ని అంచుదాకా నింపితే క్యూ ఆపరేటర్ డబ్బాలోనో మోడెంలోనో పేరుకుంటుంది. అక్కడ మన చెయ్యి అందదు. కొంచెం తక్కువకి హద్దు పెడితే క్యూ మన రూటర్‌లోకి వస్తుంది. అప్పుడు దాన్ని మనం చెప్పినట్టు నడపవచ్చు.

నష్టం ఎంతో లెక్క వేసుకుందాం. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద 1 జీబీ వీడియో ఎక్కడానికి 400 సెకన్లు. 18కి హద్దు పెడితే 444 సెకన్లు. ఏడు నిమిషాల పనిలో 44 సెకన్లు ఎక్కువ. దానికి బదులు ఆ ఏడు నిమిషాలూ ఇంట్లో మిగతా అందరి కాల్స్ బతుకుతాయి.

అయితే హద్దు ఒక్కటే సరిపోదు. ఆ హద్దు దగ్గర పాత పద్ధతిలో ఒకే పొడవాటి వరస ఉంటే ఆలస్యం అక్కడే పుడుతుంది. వరస నడిపే తెలివి కూడా కావాలి.

అసలు మందు: ఎఫ్‌క్యూ కోడెల్, కేక్

2012లో వ్యాన్ జేకబ్‌సన్, క్యాథలీన్ నికల్స్ కలిసి కోడెల్ అనే పద్ధతిని ప్రకటించారు. క్యూ ఎంత పొడవుంది అని అది చూడదు. ఒక్కో ముక్క క్యూలో ఎంత సేపు ఆగింది అని చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు గమనించి, ఆ సమయమంతా నిరీక్షణ 5 మిల్లీసెకన్ల పైనే ఉంటే ఒక ముక్కను కావాలని పడేస్తుంది. పంపేవాడికి హెచ్చరిక అందుతుంది, వాడు తగ్గుతాడు, క్యూ కరుగుతుంది.

దానికి ఎరిక్ డుమజే అనే ఇంజినీర్ ఇంకో తెలివి కలిపారు: ఒక్కో సంభాషణకి ఒక్కో వరస. డ్రమ్ముల వరస వేరు, చెంబుల వరస వేరు, కుళాయి వంతులవారీగా అందరికీ. కొత్తగా వచ్చిన చిన్న వరసకి ముందు అవకాశం. ఇది ఎఫ్‌క్యూ కోడెల్. 2012లోనే లైనక్స్‌లో చేరింది, 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా ప్రచురితమైంది.

తర్వాత వచ్చింది కేక్. 2018లో లైనక్స్ 4.19లో చేరింది. వేగానికి హద్దు, వరసల పంపకం రెండూ దానిలోనే ఉన్నాయి. పైగా ఇంట్లో ఒక్కో పరికరానికీ సమాన వాటా ఇవ్వగలదు. ఒక ఫోన్ ఇరవై డౌన్‌లోడ్‌లు పెట్టినా పక్క ఫోన్ వాటా తినలేదు. తమ్ముడి గేమ్ అప్‌డేట్ ఆపా క్లాసుని మింగలేదు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో పెట్టుకోవడం

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనేది రూటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. ఇది ఇంట్లో కంప్యూటర్ పని తెలిసిన పిల్లలో, ఊళ్లో కంప్యూటర్ షాపు భాయో చేయగలిగిన పని. కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి.

- ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ డబ్బాను ముట్టుకోవద్దు. అది వాళ్ల సొత్తు, పాడైతే లైన్ పోతుంది. వేరే రూటర్ తీసుకుని, ఫైబర్ డబ్బా ల్యాన్ రంధ్రం నుంచి కొత్త రూటర్ వ్యాన్ రంధ్రానికి వైరు పెట్టండి. ఫైబర్ డబ్బా వైఫై ఆపేసి అన్ని ఫోన్లూ కొత్త దానికే కలపండి. ఒక్క ఫోన్ పాత దాని మీద మిగిలినా హద్దు దాటిపోతుంది.
- కొనే ముందు ఆ మోడల్, ఆ వెర్షన్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో ఉందో లేదో చూడండి. ఒకే పేరుతో వేర్వేరు వెర్షన్లు అమ్ముతారు, అన్నీ పనిచేయవు.
- సాఫ్ట్‌వేర్ పేజీలో ఎస్‌క్యూఎమ్ ప్యాకేజీ వేయండి. నెట్‌వర్క్ మెనూలో ఎస్‌క్యూఎమ్ క్యూఓఎస్ వస్తుంది.
- ఇంటర్‌ఫేస్‌గా వ్యాన్ ఎంచుకోండి. వేగం కేబీపీఎస్‌లో రాయాలి: 18 ఎంబీపీఎస్ అంటే 18000.
- క్యూ పద్ధతిగా కేక్, స్క్రిప్ట్‌గా పీస్ ఆఫ్ కేక్ ఎంచుకోండి. ఓవర్‌హెడ్ అడిగిన చోట 44 పెడితే సరిపోతుంది.
- హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే డేటా క్యూని తప్పించుకుని పోతుంది.
- చవక రూటర్ ప్రాసెసర్ పెద్ద ప్లాన్‌ని మోయలేదు. ఎస్‌క్యూఎమ్ పెట్టాక వేగం మరీ పడిపోతే కేక్ బదులు ఎఫ్‌క్యూ కోడెల్ పెట్టి చూడండి, అది తేలిక.

హాట్‌స్పాట్, ఎయిర్ ఫైబర్ వాడేవాళ్లకి

టవర్ మీద వచ్చే నెట్‌కి స్థిరమైన వేగం ఉండదు. పొద్దున 30 ఉంటే రాత్రి 5 ఉంటుంది. వాన పడితే, కరెంటు పోతే మారిపోతుంది. పొద్దున కొలిచిన అంకె రాత్రికి పనికిరాదు. అందుకని మీరు కాల్ చేసే వేళలోనే రెండు మూడు రోజులు కొలిచి, అందులో కనిష్ఠానికి దగ్గరగా హద్దు పెట్టండి. రూటర్ లేకుండా ఫోన్ హాట్‌స్పాటే ఆధారమైతే హద్దు పెట్టే దారి లేదు, పైన చెప్పిన బ్యాకప్ క్రమశిక్షణే మందు. కాల్ ఉన్న అరగంట హాట్‌స్పాట్ మీద ఇంకెవరూ పెద్ద ఫైళ్లు ఎక్కించకుండా ఇంట్లో ఒక మాట అనుకోండి.

ఆపరేటర్‌ని ఏమని అడగాలి?

"నెట్ స్లో ఉంది" అంటే రూటర్ ఆపి ఆన్ చేయమంటారు, లేదా పెద్ద ప్లాన్ తీసుకోమంటారు. అలా కాకుండా అంకెలతో అడగండి: "అన్నా, స్పీడ్ వస్తోంది. కానీ అప్‌లోడ్ నడుస్తుంటే పింగ్ 15 నుంచి 600కి పోతోంది. మీ వైపు క్యూకి ఎఫ్‌క్యూ కోడెల్ గానీ కేక్ గానీ పెట్టగలరా?" స్క్రీన్‌షాట్ పంపండి.

ఇది అడగరాని కోరిక కాదు. చిన్న ఆపరేటర్లు వాడే మైక్రోటిక్ పరికరాల్లో రూటర్ ఓఎస్ 7 నుంచి ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. కొత్త డబ్బా కొనక్కర్లేదు, సెట్టింగ్ మారిస్తే చాలు. ఒకసారి మారిస్తే ఆయన కింద ఉన్న ఇళ్లన్నిటికీ మేలు.

తరచూ అడిగేవి

*పెద్ద ప్లాన్ తీసుకుంటే పోతుందా?* కొంత తగ్గవచ్చు, ముఖ్యంగా అప్‌లోడ్ పెరిగితే. కానీ బ్యాకప్ మొదలైతే పెద్ద లైన్‌ని కూడా నింపేస్తుంది. ముందు ఉన్న లైన్‌ని సరిచేసి, అప్పటికీ చాలకపోతేనే డబ్బు పెట్టండి.

*డీఎన్‌ఎస్ మారిస్తే?* వెబ్‌సైట్ పేరు వెతికే సమయం కాస్త తగ్గవచ్చు. క్యూ తగ్గదు.

*పింగ్ తగ్గించే యాప్‌లు?* మీ రూటర్‌లో పేరుకున్న క్యూని ఫోన్ యాప్ ఖాళీ చేయలేదు. అనుమతులన్నీ తీసుకునే అలాంటి యాప్‌లకి దూరంగా ఉండటమే మంచిది.

*రూటర్ ఆపి ఆన్ చేస్తే బాగవుతోంది కదా?* అవుతుంది. ఆగిన అప్‌లోడ్ మళ్లీ మొదలయ్యేదాకా.

ఈ రాత్రికి ఒక్క పని చేసి చూడండి. కాల్ వచ్చే ముందు ఇంట్లో అందరి ఫోన్లలో ఫోటో బ్యాకప్ ఆపండి. అబ్బా మాట ఆగకుండా వినపడితే మీ ఇంటి జబ్బు ఏంటో తేలినట్టే. మిగతా మందులు సెలవు రోజున తీరిగ్గా వేసుకోవచ్చు.